నిటారు కొవ్వొత్తి

రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. అరవై దాటాక పట్టుబడిన అక్షరాలు. ఒక్కో మాట దగ్గర ఆగుతాను. మీరూ నాతో పాటు కాస్త ఆగండి.

మైనం వాసన.

చన్నీళ్లతో కడిగినా పోదు. వేన్నీళ్లతో కడిగినా పోదు. గోళ్ల సందుల్లో దాక్కుని, ముద్ద నోటిదాకా తెచ్చేసరికి ముందు అదే పలకరిస్తుంది.

ఆమె పదహారో ఏట ఆ వాసనలోకి అడుగుపెట్టింది. కరెంటు దీపాలు ఇంకా రాని కాలం. పొద్దు గుంకితే ఊరంతా కొవ్వొత్తుల మీదే బతికేది. రేవు పక్క వీధిలో కొవ్వొత్తుల కార్ఖానా. అందులో ఆమెది ముంచే పని.

కర్ర బద్దకు పన్నెండు వత్తులు వేలాడతాయి. కరిగిన మైనం తొట్టిలో ముంచాలి. తీయాలి. ఆరనివ్వాలి. మళ్లీ ముంచాలి. ముప్పై మునకలు. ఒక్కో మునకకూ ఒక్కో పొర — ఉల్లిపొరంత.

తొందరపడి లాగితే వంగుతుంది. ఎవరో తలుపు తీసి చల్లగాలి తగిలినా వంగుతుంది.

మొదటి ఏడాది ఆమె ముంచినవన్నీ వంగాయి. అందుకని వంకరమ్మ అన్నారు. చేయి తిరిగి, గీత గీసినట్టు తీయడం వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. పేరూ మైనం లాంటిదే.

నిటారువి చర్చికి. వంకరవి మనకి.

అది కార్ఖానా కట్టుబాటు. గోడ మీద ఎవరూ రాయలేదు. రాసినా చదివేవాళ్లు లేరు. పనివాళ్లు ఇంటికి పట్టుకుపోయేది వంకర బుట్టలోంచే. వాళ్ల వీధిలో ఏ కిటికీలో చూసినా తల వాల్చిన కొవ్వొత్తే... నడుం వంగిన కొవ్వొత్తే. అలా వంగి వంగే వెలుగిచ్చేవి. అవి చూస్తూ పెరిగిన కళ్లకు అదే కొవ్వొత్తి రూపం.

వత్తులు పేనే అతను మూల కిటికీ దగ్గర కూర్చునేవాడు. మూడు పోగులు. కుడిది మధ్యకి, ఎడమది మధ్యకి. చేతులు మాట్లాడినంత నోరు మాట్లాడేది కాదు. వత్తులకట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం ఎక్కువ నిలబడేవాడు.

ఆ ఒక్క క్షణం కోసం ఆమె రెండేళ్లు పనికొచ్చింది.

క్రిస్మస్ శనివారం పడిన ఏడు. సోమవారం నాడు అతను పేనుతూనే, తలెత్తకుండానే అన్నాడు.

"శనివారం ఓడెక్కుతున్నా. అవతలి ఒడ్డున కార్ఖానా ఉందట. మూడేళ్ల పని."

"పండగపూట ఓడెవరెక్కుతారు?"

"ఉండిపొమ్మనేవాళ్లు లేనివాళ్లు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"నీ బల్ల మీద ఒకటి పెట్టి పోతాను," అన్నాడు. "పండగ సాయంత్రం దీపాల వేళకి మీ కిటికీలో వెలిగించు. రేవులోంచి కనిపిస్తుంది కదా. వెలిగితే ఓడెక్కను. నేరుగా వచ్చి మీ నాన్ననడుగుతా."

"వెలగకపోతే?"

"వెలగకపోతే... ఓడలో నా చోటు ఎటూ ఉంది."

అప్పుడే అనాల్సింది. సరే అన్న ఒక్క మాట. రెండు అక్షరాలు. ఆడపిల్లకి ఆత్రం పనికిరాదని వాళ్లమ్మ పోతూ పోతూ చెప్పిన మాట గొంతుకి అడ్డం పడింది. అయిదు రోజులే కదా అనుకుంది. కొవ్వొత్తే చెబుతుందిలే అనుకుంది.

ఆ సాయంత్రం జడ విప్పుకుంటే, చివర కట్టిన నీలం దారం లేదు. ఎక్కడో జారిపోయిందనుకుంది.

శుక్రవారం పొద్దున్నే చర్చి బండి వచ్చి వాకిట్లో నిలబడింది. మూడు వందలు కావాలి. బండివాడు కేకలు, యజమానురాలు కేకలు, తొట్లు తోమే పెద్దక్క అందరి మీదా కేకలు. మూల కిటికీ దగ్గర పీట ఖాళీగా ఉంది. ఓడ కాగితాల కోసం పోయాడన్నారు.

ఆమె బల్ల మీద, రాత్రి ఆరబెట్టినవాటి పక్కనే, ఒక కొవ్వొత్తి.

చేతిలోకి తీసుకుంది. తడి బల్ల మీద దొర్లించి చూసింది. ఎక్కడా ఎగరలేదు. మొదలు నుంచి కొస దాకా — వానచినుకు పడ్డట్టు, అంత తిన్నగా. ఇంత బాగా తీసింది ఎవరబ్బా అనుకుంది. తన చేతిదే అయ్యుంటుందని కాస్త మురిసిపోయింది కూడా.

నిటారువి చర్చికి.

చేయి దానంతట అదే చర్చి కట్టలో పెట్టింది. లెక్క చూస్తే మూడు వందల ఒకటి. ఒకటి తీయాలి. చిటికెన వేలి గోరంత వంపున్న తన కొవ్వొత్తిని తీసి వంకర బుట్టలో పడేసింది. దాన్ని ఉంచింది.

కట్ట కట్టింది. ముడి బిగించింది. బండి కదిలింది.

అప్పుడు తీరిక చేసుకుని, అతను పెడతానన్నదాని కోసం వెతకడం మొదలుపెట్టింది. బల్ల మీద, బల్ల కింద, బద్దల వెనక. చివరికి వంకర బుట్ట ముందు కూలబడి ఒక్కొక్కటే తీసి చూసింది. పనివాడు పనిదానికి ఇచ్చేది వంకరదే కదా. దాని మీద ఏ గుర్తు పెట్టి ఉంటాడా అని... ప్రతి వంపూ తడిమింది.

"ఏంటే వంకరమ్మా, బుట్టలో మొగుణ్ణి వెతుకుతున్నావా?" అంది పెద్దక్క.

"ఊరుకో అక్కా."

"దొరికితే నాకూ ఒకణ్ణి తీసిపెట్టవే. వంకరైనా పర్లేదు, వెలిగితే చాలు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బుట్ట అడుగు కనిపించింది.

పెట్టలేదు.

మాటన్నాడు, మనసు మార్చుకున్నాడు. ఇంకేముంది.

క్రిస్మస్ సాయంత్రం దీపాల వేళ. కిటికీ దగ్గర నిలబడింది. ఇంట్లో వంకరవి నాలుగున్నాయి. ఏదైనా వెలుగే. ఒకటి చేతిలోకి తీసుకుంది కూడా... అతను పెట్టనిదాన్ని తాను వెలిగిస్తే? రేవు రేవంతా చూసి నవ్వుకోదా? పెట్టనివాడికి తలుపు తీసి పిలుస్తున్నానని అతనూ అనుకోడా?

కొవ్వొత్తిని అటక మీద పెట్టేసింది.

వాళ్ల నాన్న, చెప్పులు కుట్టేవాడు, పాత కోటు వేసుకుని, "పద తల్లీ, పాట మొదలైపోతుంది," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమే కిటికీ రెక్క మూసింది. గాలికి కొట్టుకుంటుందని.

చర్చిలో మూడు వందల వెలుగులు. తలుపు తెరిచినప్పుడల్లా అన్నీ ఒక్కసారే అటు వాలేవి. ముందు వరసలో ఒకటి మాత్రం వాలలేదు. తొణకలేదు. బొట్టు కార్చలేదు.

ఆమె దాన్నే చూస్తూ పాడింది. దాన్నే చూస్తూ ప్రార్థించింది. అతని మనసు మళ్లించమని అడిగింది. అతన్ని ఓడెక్కనివ్వొద్దని... ఆ వెలుగునే అడిగింది.

రేవులో కూత వినిపించింది. ఒకసారి. మరోసారి.

పాట ఆగలేదు.

మూడో రోజున చర్చి నుంచి కాలగా మిగిలిన ముక్కలు బస్తాలో తిరిగి వచ్చాయి. ఏటా వస్తాయి. చీల్చాలి, పాత వత్తి లాగి పారేయాలి, మైనం మళ్లీ తొట్టిలో వేయాలి. ఆ పని కూడా ఆమెదే.

ఒక ముక్క. నాలుగు వేళ్ల పొడవు. కత్తి పెట్టి పైన కొద్దిగా చీల్చింది.

తెల్లటి మూడు పోగుల మధ్య — నీలం దారం.

కత్తి ఆగింది. తొట్టి కింద మంట ఆగలేదు. పెద్దక్క ఏదో అంటోంది. వినిపించలేదు. ఆమె జడ దారం. మసి పట్టిన కొస దగ్గర సగం కాలి, కిందకి మాత్రం సోమవారం ఎంత నీలంగా ఉందో అంత నీలంగా.

పోయేవాడు వంకరది ఇవ్వదలచుకోలేదు. జన్మకొక్కసారైనా ఆమె కిటికీలో నిటారుది వెలగాలనుకున్నాడు. తన చేత్తో ముప్పైసార్లు ముంచాడు.

అంత తిన్నగా చేయకపోయి ఉంటే...

రేవులో మూటలు మోసేవాణ్ణి అడిగింది. వాడు తల గోక్కున్నాడు. "వత్తులబ్బాయా? ఓడ దగ్గరికి పోయే ఆఖరి పడవ దాకా ఎక్కలేదమ్మా. మీ వీధి వైపే కళ్లలో వత్తులు వేసుకుని చూస్తా నిలబడ్డాడు. ఏమైనా మర్చిపోయావా అంటే, లేదు, అంతా సర్దుకున్నానన్నాడు."

అవతలి ఒడ్డు ఊరి పేరు ఎవరికీ తెలియదు. తెలిసినా ఆమెకు రాయడం రాదు. మూడేళ్లు గడిచాయి. అయిదేళ్లు గడిచాయి. ఏ ఓడా అతన్ని దించలేదు. పోయాడన్న కబురూ రాలేదు. అక్కడే పెళ్లి చేసుకుని, మరొకరి కిటికీ కింద వత్తులు పేనుతున్నాడేమో... నడిసముద్రంలోనే ఆగిపోయాడేమో. చెప్పేవాళ్లు లేరు.

ఆమెకు పెళ్లయింది. బండి తోలే మంచి మనిషి. ఒక్కనాడు కూడా కోపంగా మాట్లాడలేదు. ఏటా క్రిస్మస్ నాడు ఆమె దాచుకున్న ఆ కాలీ కాలని ముక్కను కిటికీలో ఎందుకు పెడుతుందో అడగలేదు. తాను పోయే ఏడాది మాత్రం మంచంలోంచి అన్నాడు, "వెలిగించకూడదూ దాన్ని?"

వెలిగిస్తే ఒక్క సాయంత్రమే వస్తుంది. ఆ తర్వాత నీలం కూడా ఉండదు.

ఇప్పుడు రేవు నిండా మీట నొక్కితే వెలిగే దీపాలు. కార్ఖానా మూసేశారు. ఓడలు ఏ కిటికీ వంకా చూడవు. ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఎండలు. ఇప్పుడు పండగ వచ్చేసింది.

సాయంత్రమైంది. ఆమె కిటికీ రెక్క తెరిచింది. ముక్కను నిలబెట్టింది — నాలుగు వేళ్ల పొడవు, ఇప్పటికీ నిటారుగానే. అగ్గిపెట్టె పక్కనే ఉంది.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

మైనం వాసన...

వంకరమ్మ,
డెబ్భై మూడేళ్లు,
అదే వీధి, రేవు వైపు కిటికీ ఉన్న ఇల్లు.