మూడు దగ్గర తాకని చెయ్యి

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు, ఒక బ్రెడ్డు ముక్క తిన్నాను. ఉప్పు వేసుకోలేదన్న సంగతి రెండో గుడ్డు కూడా అయిపోయాక తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో నాకేదీ అనిపించేది కాదు.

గిటారు క్లాసు ఆ రోజుతో మూసేద్దామనుకున్నాను. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద అద్దెగది అది. పుస్తకాలు, తీగల పొట్లాలు, కిటికీ తెరలు అన్నీ అట్టపెట్టెల్లో సర్ది టేపు అంటించాను. మిగిలిన ఇద్దరు శిష్యులకీ పాఠం అయ్యాక చెప్పాలి. ఆరింటికి మరదలొచ్చి పెట్టెలు తీసుకెళుతుంది. తాళంచెవి కింద కొట్టతనికి ఇచ్చేస్తాం. అంతే.

మరదలంటే నా భార్య చెల్లెలు. నా భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆవిడ ఎన్నడూ గిటారు పట్టలేదు. అయినా ఆరేళ్లపాటు మూల కుర్చీలో ఊలు అల్లుకుంటూ కొత్తవాళ్లకి లెక్క చెప్పింది ఆవిడే. నేను "కిందికి, కిందికి, పైకి" అంటే ఎవరి బుర్రకీ ఎక్కేది కాదు. తీగలు మీటే చెయ్యి పైకి లేచే దెబ్బకి ఆవిడ 'అర' అని పేరు పెట్టింది. "ఒకటి, రెండు, రెండున్నర... మూడున్నర, నాలుగు, నాలుగున్నర." మూడు దగ్గర చెయ్యి కిందికి దిగుతుంది గాని తీగల్ని తాకదు. అక్కడ ఆవిడ నోరు మెదపకుండా గడ్డం మాత్రం దించేది.

ఆవిడ పోయాక ఆ లెక్క నా నోట రాలేదు. బల్ల మీద టిక్కు టిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టాను.

అయిదింటికి బస్సు డ్రైవరూ టైలరమ్మా వచ్చారు. డ్రైవరు రెండేళ్లుగా కొత్తవాడే. టైలరమ్మ చేరి ఐదు నెలలు. అందరూ చేసే తప్పే వాళ్లూ చేస్తారు. ఎడమచేతి వేళ్లు మారేదాకా కుడిచెయ్యి ఆగి ఎదురుచూస్తుంది.

"మళ్లీ ఆగావు," అంది టైలరమ్మ. "ప్రతి స్టాపులోనూ ఆగితే ఎలా అన్నా?"

"ఎక్కేవాళ్లుంటే ఆగనా మరి? నీదేమో కుట్టుమిషను తొక్కుడు. కింద గుడ్డ ఉందో లేదో చూడవు!"

"మూడు దగ్గరే నాకు మూడుతోంది. ఏం చెయ్యను?"

"ఎడమచెయ్యి అందుకోకపోయినా కుడిచెయ్యి ఆగకూడదు," అన్నాను. ఆరేళ్లుగా చెబుతున్న మాటే. నా గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టుంది.

అప్పుడే మెట్రోనోమ్ ఆగిపోయింది. కొత్త బ్యాటరీ ఏ పెట్టె అడుగునో ఉంది. టేపుల వంక చూస్తూ నిలబడిపోయాను. మా క్లాసు జరిగే గంటసేపూ కింద కొట్టతను సుత్తి పట్టడు. ఎవరూ అడక్కుండా చేసే ఉపకారం అది. గదిలో చప్పుడన్నదే లేకుండా పోయింది.

"ఒకటి, రెండు, రెండున్నర..." టైలరమ్మ మొదలుపెట్టింది. మూడు దగ్గర నోరు మూసుకుని గడ్డం దించింది.

ఆమె నా భార్యని చూసి ఎరగదు.

"ఆ లెక్క నీకెవరు చెప్పారమ్మా?"

"అన్నే, మాస్టారూ. డిపో బయట టీ తాగుతూ చెప్పాడు. గడ్డం కూడా దించాలట, లేకపోతే రాదట."

డ్రైవరు తల గోక్కున్నాడు. "అమ్మగారి లెక్క గదండీ. ఆ టిక్కుటిక్కు ఈవిడకి అంతుపట్టట్లేదు. మీరేమో చెప్పడం మానేశారు. తప్పయితే ఇక చెప్పనండి."

"తప్పు కాదు. ఆపకండి."

మూల కుర్చీలో కూర్చున్నాను, ఎనిమిది నెలల్లో మొదటిసారి. వాళ్లు వాయించారు. మూడో మార్పు దగ్గర డ్రైవరు వేళ్లు తప్పాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. నాకు సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. మోకాలి మీద నా చెయ్యి కిందికీ పైకీ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. మూడు దగ్గర అది మోకాలిని తాకడం లేదు.

ఆరయింది. చెప్పాల్సింది చెప్పలేదు.

"బుధవారం వస్తూ బ్యాటరీ తెమ్మంటారా మాస్టారూ?" గుమ్మంలో అడిగాడు డ్రైవరు.

"వద్దు. లెక్క నేను చెబుతాను."

వాళ్లు దిగుతుంటే మరదలు మెట్లెక్కి వచ్చింది. "ఇవేనా పెట్టెలు? తాళంచెవి ఇచ్చేద్దామా బావగారూ?"

"బుధవారం క్లాసుందమ్మా."

మరదలు పై పెట్టెని దగ్గరికి లాక్కుంది. "అయితే తెరలు కట్టండి ముందు. ఎదురింటివాళ్లు ఫీజు లేకుండా నేర్చేసుకుంటున్నారు," అని టేపు తనే పీకింది.

ఇద్దరం తెరలు తగిలించాం. దీపం ఆర్పాను. మరదలు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, తాళం వేసి, తాళంచెవి నా చొక్కా జేబులో పడేసింది.