కొప్పులో తుమ్మ కలం

భవానీపురంలో బసవయ్య తరిమెన ముందు కూర్చుంటే ఆ వీధికి తెల్లారినట్టు. ఎదురుగా పీట మీద భార్య రావమ్మ తాడు అటూ ఇటూ లాగుతుంది, బిగించిన కర్ర గిర్రున తిరుగుతుంది, బసవయ్య దానికి ఉలి ఆనిస్తాడు. మంచం కోళ్ళూ, అప్పడాల కర్రలూ, బొంగరాలూ అలా పుట్టుకొస్తుంటాయి. కానీ బెజవాడలో అతనికి పేరు తెచ్చినవి పెన్నులు. ఉద్యోగం నుంచి దిగిపోయేవాళ్ళకీ, బదిలీ మీద వెళ్ళేవాళ్ళకీ వీడ్కోలు సభలో కర్ర పెన్ను ఇవ్వడం ఆ రోజుల్లో ఊళ్ళో ఆనవాయితీ. శాలువా ఏ దుకాణంలోదైనా ఫరవాలేదు గానీ, పెన్ను మాత్రం బసవయ్య చేసిందే అయ్యుండాలి.

ఎందుకంటే బసవయ్య చేసిన పెన్ను తన చెట్టు గుణం మానుకోదు. ఒక తాసీల్దారు గారికి వేప పెన్ను ఇచ్చారు. రిటైరయ్యాక ఆయన రాసిన ఏ ఉత్తరం చదివినా బంధువుల నాలుక చేదెక్కేది. ఒంటికి మంచిదేలే అని వాళ్ళు ఓపిగ్గా చదివేవాళ్ళు. మామిడి పెన్ను పుచ్చుకున్న లెక్కల మేష్టారు ఏడాదంతా కాగితం ముందు ఊరికే కూర్చుని, ఎండలు ముదరగానే బుట్టలకొద్దీ రాసేవాడు. అందుకని ఎవరికి ఏ కర్ర అనేది తేల్చడానికి ఆఫీసుల్లో పెళ్ళి సంబంధం చూసినంత గొడవ జరిగేది. పెన్ను పుచ్చుకున్నవాళ్ళు సభలోనే, అందరి ముందూ దాంతో మొదటి సంతకం పెట్టాలి. దాంతో వాళ్ళ బాధ్యత తీరినట్టు లెక్క.

ఆ ఏడాది, రైల్వే సమ్మెతో దేశంలో రైళ్ళన్నీ ఆగిపోవడానికి ముందు నెలలో, ఇశ్రాయేలు గారు రిక్షా దిగి దుకాణంలోకి వచ్చారు. ఆయన బందరు కాలవ గట్టున ఉన్న తెరేసమ్మ ఆడపిల్లల హాస్టలుకి సెక్రటరీ. తెరేసమ్మ ఆయనకి మేనత్త. పిల్లలు లేని ఆ తల్లి తన ఇంటిని హాస్టలుకి ఇచ్చేసి, ఒకే ఒక్క షరతు పెట్టి కన్నుమూసింది. వార్డెను తన చేత్తో సంతకం పెట్టి తాళాలు అప్పగించేదాకా ఆ ఇల్లు ఆడపిల్లలదే. ఆ వార్డెను ఎలిజబెత్ గారు. కంకిపాడు, ఉయ్యూరు వైపు పల్లెల్లో కూలికి పోయేవాళ్ళ కూతుళ్ళు ఆమె దగ్గరుండి కాలేజీలో చదువుకుంటున్నారు. ఇశ్రాయేలు గారి కళ్ళకి మాత్రం కాలవ గాలి తగిలే ఆ జాగాలో ఒక లాడ్జి కనిపిస్తోంది. ఇంకేమీ కనిపించడం లేదు.

"బసవయ్యా, మా వార్డెను గారికి వయసైపోయింది. ఆదివారం ఘనంగా సభ పెడుతున్నాం. పెన్ను కావాలి."

"అలాగేనండీ. ఆమెకి టేకు బాగుంటది. పోనీ చింత చెయ్యమంటారా?"

"పొణికి చెయ్యి."

రావమ్మ తాడు లాగడం ఆపేసింది. పొణికి అంటే కొండపల్లి బొమ్మల కర్ర. బరువుండదు, ఉలికి ఎదురు తిరగదు. ఏనుగుని చెయ్యమంటే ఏనుగవుతుంది, పెళ్ళికూతుర్ని చెయ్యమంటే పెళ్ళికూతురవుతుంది. ఆ కర్రతో చేసిన పెన్ను పట్టుకుంటే, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఏం చెబితే చెయ్యి అదే రాసేస్తుంది.

"అది పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించే కర్ర గదండీ," అన్నాడు బసవయ్య, నసుగుతూ.

"పైన గంధం రంగు పూసెయ్. గంధం పెన్నని నేను చెప్పుకుంటాలే. ఆవిడ వట్టి తుమ్మమొద్దయ్యా! ఎంత మంచిగా చెప్పినా తలకెక్కదు. సంతకం పెట్టమంటే, పిల్లలెక్కడికి పోతారంటుంది. వాళ్ళ ఇళ్ళకి పోతారు, ఇంకెక్కడికి?"

బసవయ్య మెత్తని మనిషి. పెద్దవాళ్ళ మాట కాదనడం అతనికి చేతకాదు. చేసిచ్చాడు. రావమ్మ అంత మెత్తని మనిషి కాదు. అప్పడాల కర్రలు అమ్మే వంకతో ఆ సాయంత్రమే హాస్టలు వంటింట్లోకి వెళ్ళి, ఎలిజబెత్ గారికి జరిగిందంతా చెప్పేసింది.

ఎలిజబెత్ గారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నారు. వంటమనిషి మణెమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచే ఇశ్రాయేలు గారిని నాలుగు తిట్టింది.

"నన్ను తుమ్మమొద్దన్నాడా?" అని అడిగారు ఎలిజబెత్ గారు.

"అన్నాడండీ. నా చెవులతో విన్నాను."

"అయితే ఆ మాటే ఖాయం చేద్దాం."

తుమ్మని చులకన చెయ్యడం మన జనానికి సరదా. పలకకపోతే తుమ్మమొద్దు, మాట వినకపోతే తుమ్మమొద్దు. ఈ డెల్టాలో పండిన ధాన్యమంతా తుమ్మ చక్రాల మీదే కదా మిల్లులకి చేరింది? ఆ బండి ఎక్కి కూర్చునే తుమ్మని తిడతారు. సిగ్గుండాలి. హాస్టలు వెనక, కాలవ గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉంది. జాగా కొలిపించడానికి వచ్చినప్పుడల్లా ఇశ్రాయేలు గారు దాన్ని కొట్టించేవారు. ఆయన రిక్షా మలుపు తిరిగేసరికి అది మళ్ళీ చిగుళ్ళు పెట్టేది.

ఎలిజబెత్ గారు వంటింటి కత్తి తీసుకుని దాని కొమ్మ ఒకటి నరికారు. ఆమెకి భయం లేదనుకుంటే పొరపాటు. ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన సంపూర్ణమ్మ అనే పిల్ల ఇంటరు మొదటి సంవత్సరం పరీక్షలు అప్పుడే రాసింది. తండ్రి చెరుకు నరికే కూలీ. హాస్టలు మూసేస్తే వచ్చే పంటకి ఆ పిల్ల కూడా చెరుకు తోటలో ఉంటుంది. ఆ సంగతి తలుచుకుంటే ఎలిజబెత్ గారికి అన్నం సహించడం లేదు. ఏడుపు వచ్చింది, ఆ వెనకే మొండి కోపం వచ్చింది.

మర్నాడు ముళ్ళ కొమ్మ భుజాన పెట్టుకుని సిటీబస్సు ఎక్కి భవానీపురంలో దిగారు.

బసవయ్య ఆమెని చూసి లేచి నిలబడ్డాడు, తలెత్తలేకపోయాడు. కొమ్మ చేతిలోకి తీసుకుని గోటితో బెరడు గీరి చూశాడు. "పచ్చిదమ్మా ఇది. ఆరితేగానీ పనికి రాదు."

"పగులుతుందా?"

"పగలడం కాదండీ. ఎండిన కర్ర తన చెట్టుని గుర్తు పెట్టుకుంటది, అంతే. దీనికి గుర్తు పెట్టుకునే పని లేదు. ఇదింకా చెట్టే. పైగా తుమ్మ. దిగబడినచోట నుంచి లేవదు. అందుకే వీడ్కోలుకి ఎవరూ తుమ్మ చేయించరండీ."

"నేనూ లేవదలుచుకోలేదు బసవయ్యా. చెయ్యి."

రావమ్మ అప్పటికే తాడు పట్టుకుని కూర్చుంది.

ఆదివారం పొద్దున ఎలిజబెత్ గారు తెల్లచీర కట్టుకుని, కొప్పులో ఆ పెన్ను గుచ్చుకున్నారు. చర్చి నుంచి తిరిగొచ్చేసరికి దానికి సన్నటి ఆకులు వచ్చాయి.

"అమ్మగారూ, చిగురేసింది," అంది మణెమ్మ.

"కాసిని నీళ్ళు చిలకరించు. ఎండగా ఉంది."

సభ హాస్టలు హాల్లోనే. పిల్లలు చాపల మీద కూర్చున్నారు. సెలవులకి కూతుళ్ళని తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు గోడల వెంబడి నిలబడ్డారు. ఇశ్రాయేలు గారు కొత్త సిల్కు జుబ్బా తొడుక్కుని వచ్చి ఎలిజబెత్ గారిని త్యాగమూర్తి అన్నారు, కొవ్వొత్తి అన్నారు, ఇక విశ్రాంతి తీసుకోవాలన్నారు. హాస్టలు ఏమవుతుందో మాత్రం అనలేదు. శాలువా కప్పి, సంతకం పెట్టవలసిన కాగితం బల్ల మీద పరిచి, పెన్ను పెట్టె చేతికిచ్చారు.

"అసలైన గంధం పెన్ను!"

ఎలిజబెత్ గారు మూత తీసి వాసన చూశారు. "గంధం వాసన రావడం లేదేమండీ?"

"మీకు జలుబు చేసినట్టుంది."

"కావచ్చు. నా పెన్ను నేను తెచ్చుకున్నాన్లెండి." పెట్టె బల్ల మీద పెట్టేసి, కొప్పులోంచి తుమ్మ పెన్ను తీశారు.

ఇశ్రాయేలు గారి ముఖం మాడిపోయింది. అందరి ముందూ ఏమనగలరు? ఏ పెన్నుతో పెట్టినా సంతకం సంతకమే కదా అనుకుని, "కానివ్వండి, కానివ్వండి" అన్నారు.

ఆమె పాళీని కాగితం మీద ఆనించి 'ఎ' అని రాశారు. పెన్ను ఆగిపోయింది. ఆమె చెయ్యి తీసేసినా నిటారుగా నిలబడే ఉంది. ముందు కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది, తరవాత బల్ల చెక్క పగిలిన చప్పుడు, ఆ తరవాత కింద నాపరాయి కదిలిన చప్పుడు. ముందు వరసలో ఉన్న పిల్లలు నేలలోకి దిగుతున్న తుమ్మ వేళ్ళకి అడ్డం లేకుండా కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు.

"తుమ్మ కదా మరి," అన్నాడు గోడ దగ్గర ఎవరో పెద్దాయన.

ఇశ్రాయేలు గారు దాన్ని పట్టుకుని లాగారు. అరచేతిలో ముల్లు దిగింది. మణెమ్మని కేకేసి కత్తి తెప్పించి కోశారు. కోసినచోట కొత్త కొమ్మ లేచింది. దాన్నీ కోశారు. ఈసారి పసుపుపచ్చ పూలు కూడా పూసింది, హాలంతా పరిమళం నిండింది. దాంతో ఆయన ముసుగు తీసి పారేశారు.

"ఇన్నాళ్ళూ ఊరేమనుకుంటుందోనని ఊరుకున్నాను. ఇక ఊరుకోను. ఈవిణ్ణి ఇప్పుడే తీసేసి నా మనిషిని వార్డెనుగా వేస్తాను. ఆ సంతకం వాడే పెడతాడు. కాగితం ఇటివ్వండి!"

పిల్లల్లో ఒకరిద్దరు ఏడుపు అందుకున్నారు. ఇశ్రాయేలు గారు జేబు తడుముకున్నారు. కొత్త జుబ్బాలో పెన్ను లేదు. కోపంలో చేతికందిన పెట్టె తెరిచి, అందులో పెన్ను తీసి గబగబా రాయడం మొదలుపెట్టారు.

అప్పుడే వెనక నుంచి మణెమ్మ, "కాఫీలో పంచదార సరిపోయిందా అమ్మా?" అని ఎవరినో అడిగింది.

ఇశ్రాయేలు గారు రాసింది చూసుకున్నారు. 'కాఫీలో పంచదార సరిపోయిందా అమ్మా' అని ఉంది. చించేసి మరో కాగితం తీశారు.

"కంకిపాడు బస్సు వెళ్ళిపోద్దేమో," అన్నాడు ఓ తండ్రి.

కంకిపాడు బస్సు వెళ్ళిపోద్దేమోనని రాశారు ఇశ్రాయేలు గారు, గుండ్రటి అక్షరాలతో. పెన్ను విసిరి కొడదామనుకున్నారు. వేళ్ళు విడవలేదు. పొణికి పెన్ను పని పూర్తయ్యేదాకా చేతిని వదలదు. అక్షరాలు దిద్దలేక మారాం చేసే పిల్లల కోసం చేసిన ఏర్పాటు అది.

ఎలిజబెత్ గారు చెయ్యెత్తారు. హాల్లో ఎవరూ నోరు మెదపలేదు. ఆమె వచ్చి, కొత్త కాగితం ముందుంచి, ఆయన పక్కన నిలబడ్డారు.

"రాయండి ఇశ్రాయేలు గారూ. తెరేసమ్మ గారి ఇల్లు ఎప్పటికీ ఆడపిల్లలదే. దీన్ని అమ్మే హక్కు గానీ, పడగొట్టే హక్కు గానీ నాకు లేదు, నా తరవాత వచ్చేవాళ్ళకీ లేదు."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. చెయ్యి మాత్రం చక్కగా రాసుకుంటూ పోయింది.

"ఇది అన్యాయం!" అని అరిచారు, వాక్యం అయి పాళీ కాగితం మీంచి లేవగానే.

"మీరు నాకోసం చేయించిన పెన్నేగా ఇది? నా చేతిలో ఉంటే న్యాయం, మీ చేతిలో ఉంటే అన్యాయమా?"

చాపల మీంచి సంపూర్ణమ్మ లేచి నిలబడింది. సెక్రటరీ గారి ముందు ఆ పిల్ల ఏనాడూ గొంతెత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. "వార్డెను గారు ఆమెకి ఇష్టమైనన్నాళ్ళు ఇక్కడే ఉంటారు. అది కూడా రాయండి సార్."

ఆయన అదీ రాశారు.

"సంతకం," అన్నారు ఎలిజబెత్ గారు.

పూర్తి పేరుతో, తేదీ వేసి పెట్టారు. అప్పుడు వేళ్ళు పెన్నుని వదిలాయి. వీడ్కోలు సభల్లో కొట్టినట్టే జనం చప్పట్లు కొట్టారు. ఇశ్రాయేలు గారు ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచారు. పోతూ పోతూ శాలువా తీసుకుపోవడం మాత్రం మర్చిపోలేదు.

ఆ బల్ల అక్కడే ఉండిపోయింది. తుమ్మ కిటికీలోంచి బయటికి కొమ్మ చాపింది. వేళ్ళ కింద ఆ కాగితమూ, దాని మీద 'ఎ' అన్న అక్షరమూ అలాగే ఉన్నాయి. ఎలిజబెత్ గారు తాళాలగుత్తి తెచ్చి తుమ్మ ముల్లుకి తగిలించడం మొదలుపెట్టారు. అంతకన్నా భద్రమైన చోటు బెజవాడలో ఇంకోటి లేదు.

జూన్‌లో కాలేజీలు తెరిచారు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని సంపూర్ణమ్మ తిరిగొచ్చింది. వెంట వాళ్ళ ఊరి నుంచి మరో పిల్లని కూడా తీసుకొచ్చింది. ఆ పిల్ల తండ్రి గుమ్మంలోనే ఆగి, తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, కాస్త సందేహంగా అడిగాడు.

"వార్డెను గారు రిటైరయ్యారని విన్నామండీ. నిజమేనా?"

"మొదలుపెట్టారు," అంది మణెమ్మ బల్లకేసి చూపిస్తూ. "సంతకం ఒక్క అక్షరం అయింది. మిగతాది ఇంకా పెట్టలేదు."

"ఎప్పుడు పెడతారండీ?"

"ఈ పిల్ల చదువు కానివ్వండి, చూద్దాం," అంటూ ఎలిజబెత్ గారు తుమ్మ కొమ్మ మీంచి తాళాలగుత్తి అందుకుని, గది తెరవడానికి లేచారు.