మెడల మీద చూపు

మా ఆయన ఏసేపు బెంగళూరు నుంచి వచ్చిన మొదటి ఆదివారమే, చర్చిలో పరాయి ఆడవాళ్ల మెడలు చూస్తూ నాకు దొరికిపోయాడు.

అయ్యగారు ప్రసంగం చేస్తున్నారు. మగవాళ్ల వైపు కూర్చున్న ఈయన చూపు మాత్రం మా వరుసలో ఉన్న ఆరాధన టీచరు మెడ దగ్గర ఆగింది. అక్కడి నుంచి పక్కామె మెడకు, ఆ తర్వాతామె మెడకు. నాకు ఒళ్లు మండింది. మా కోసిగిలో సగం ఊరు వలస పోయి వస్తుంది. ఇట్లా తయారై వచ్చిన మొగుణ్ణి నేనింతవరకు చూడలేదు.

దారిలో నేను నోరు విప్పకముందే ఆయనే మొదలుపెట్టాడు. టీచరు వేసుకున్నది చైనా కాలరట, మడత లేకుండా మెడకు నిలబడే పట్టీ. మా పాప గౌనుది బేబీ కాలరట, అంచులు గుండ్రంగా ఉంటాయి. అయ్యగారి మెడకున్న తెల్ల పట్టీకి కూడా అర్థం చెప్పాడు, దేవుని సేవకు మెడ వంచినట్టు గుర్తట. సెంట్రింగ్ పనిలో కడ్డీలు కట్టే మనిషికి గౌను కాలర్ పేరెందుకు? ఏ ఆడదో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఫోనులో ముక్తసరి మాటలు, రమ్మంటే పనుందనడం, అన్నీ దానికి సరిపోయాయి.

ఇంటికి రాగానే పాపను మా అత్త దగ్గరికి పంపి తలుపు గడియ పెట్టాను.

"ఎవరామె? ఈ పేర్లన్నీ నీకు యాడ నేర్పింది?"

ఆయన గడియ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరూ లేరు జీవమ్మా. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాండా. నా లైన్లో అందరూ ఆడోళ్లే, నేనొక్కడే మగోన్ని. ఊళ్లో నవ్వుతారని చెప్పల్యా."

నేను నమ్మలేదు. ఉన్న పని ఎందుకు మానుకున్నావని నిలదీశాను. అప్పుడు చొక్కా విప్పి భుజం చూపించాడు. ఎముక వంకరగా అతుక్కుని ఉంది. వానాకాలంలో పైఅంతస్తు నుంచి పడ్డాడట. మేస్త్రీ కట్టు కట్టించి, కూలీలుండే షెడ్డులో దించి పోయాడట. నడుం కూడా పట్టేసి పడక మీంచి లేవలేకపోయాడట. తోటివాళ్లు పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాళ్లు. చెబితే పాపను చంకనేసుకుని పరిగెత్తుకొస్తానని నాకు చెప్పలేదట. లేచాక కూర్చుని చేసే పని వెతుక్కున్నాడు.

"పగలంతా నీళ్లెవరిచ్చినారు?" అనడిగాను.

"ఎవరిస్తారు? పక్కన బిందె పెట్టి పోతాండ్రి. చేతికి అందితే తాగుతాంటి, ల్యాకుంటే ల్యా."

నాకు ఏడుపొచ్చింది. పొద్దుటి నుంచి నేను తిట్టుకుంటున్న ఆడది నిజంగానే లేదు. ఒక్కతైనా ఉండి ఉంటే బాగుండేదనిపించింది.