రంగరాజు బొజ్జ, నా గొట్టం

నేను ఒక రివాల్వర్‌ని. ఆ మాట అనగానే మీ కళ్ళ ముందు రక్తం కనబడితే అది మీరు చూసిన సినిమాల తప్పు. నేను పుట్టి ఇన్నేళ్ళయినా కాల్చిందల్లా కాగితాల్నే. అయినా ఒళ్ళు మండిపోతోంది నాకు. ఎవరి మీదంటారా? సాగి రంగరాజు మీద. చెబుతాను, వినండి.

సముద్రాల అవతల ఒక కార్ఖానాలో నన్ను చేశారు. తూటాలు కూరే సిలిండర్లు నాకు రెండు. ఒకటి చిన్న తూటాలకి, ఇంకోటి వాటికన్నా పొడుగైన, జోరైన మాగ్నం తూటాలకి. ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. గొట్టం మాత్రం రెండింటికీ ఒకటే. ఆరున్నర అంగుళాలు. అదే నా అందం, నా గర్వం.

విజయనగరంలో నన్ను కొనుక్కున్న నరసరాజుగారు కూతురు ఇందుమతికి షూటింగ్ క్లబ్బులో నాతోనే గురి నేర్పారు. "గొట్టం పొడుగైతే తూటా దానంతటది తిన్నగా పోదమ్మా. గురి చూసే వెనక గాడికీ ముందు బొడిపెకీ మధ్య దూరం ఎక్కువుంటుంది. నీ చెయ్యి రవ్వంత పక్కకి పోయినా కంటికి తెలిసిపోతుంది, అంతే," అనేవారు. ఆవిడ ఆ మాట వంటబట్టించుకుంది. పెద్దయ్యాక అదే క్లబ్బులో ఆడపిల్లలకు షూటింగ్ నేర్పే ఉద్యోగంలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఉద్యోగమే ఆవిడకు లోకం.

నరసరాజుగారు పోయారు. లైసెన్సు ఆవిడ తమ్ముడు రంగరాజు పేరుకి మారింది. అప్పట్నుంచి ఇందుమతి చేతికి నేను క్లబ్బులో, వాడి ఎదుటే, వాడి దయ మీద దొరికేదాన్ని. గురి ఆవిడది, హక్కు వాడిది. ఇదేం న్యాయమో మనుషులకే తెలియాలి.

వాడికి నేనెందుకు? పెళ్ళిళ్ళలో నడుముకి కట్టుకు తిరగడానికి! దసరాకి ఆయుధపూజ చేసి మూతికి కుంకుమ బొట్టు పెట్టేవాడు, లోపల నూనెగుడ్డ తిప్పడం మాత్రం ఏనాడూ ఎరగడు. కార్లో కూర్చుంటే నా గొట్టం వాడి బొజ్జలో గుచ్చుకునేదట. బొజ్జ తగ్గించుకోవచ్చుగా? అబ్బే! నన్నే తగ్గించాడు. కొళాయి పైపులు కోసే షెడ్డుకి పట్టుకెళ్ళాడు.

"ఎంత మేర కొయ్యమంటారు బాబూ?"

"కూర్చుంటే గుచ్చుకోకుండా కొయ్యి. మిగతాది నీ ఇష్టం."

ఇష్టమట! రంపం పెట్టి కసకసా కోసేశారు. ముందు బొడిపెని ఊడదీసి, మిగిలిన మొండి మీద అతికించారు. కోసిన ముక్కని రంగరాజు పూజగదిలో అగరుబత్తుల స్టాండు చేసుకున్నాడు.

నన్ను చూసి ఇందుమతి లబోదిబోమంది. "ఏం పనిరా రంగా ఇది? గొట్టం కొయ్యడం నేరం కూడాను!"

"ఊరుకోండక్కా, ఎవరు కొలుస్తారు? తూటా అదే, ట్రిగ్గరూ అదే."

క్లబ్బులో ఏటా నరసరాజుగారి పేరు మీద పోటీ జరుగుతుంది. ముందుగా ఇందుమతి నాతో కాల్చి చూపించడం ఆనవాయితీ. బొడిపె దగ్గరికొచ్చిందని ఆవిడ దానికి తగ్గట్టు తూటాలు లేకుండా సాధన చేసింది. అయినా ఆ రోజు తూటాలు ఒకటి అటు పోయింది, ఒకటి ఇటు. పోక ఏం చేస్తాయి? తూటా చివరగా తాకేది నా మూతి అంచునే. ఆ అంచు వంకరగా ఉంటే బయటపడే క్షణంలో దానికి పక్కతోపు తగులుతుంది. అరిచి చెప్పాలనిపించింది. నాకు తెలిసిన అరుపు ఒక్కటే, అది ఎవరికీ అర్థం కాదు.

"అక్కకి చేతులు వణుకుతున్నాయండీ, వయసు కదా," అన్నాడు రంగరాజు కమిటీవాళ్ళతో. ఛీ! నోరెలా వచ్చింది వాడికి? కమిటీ ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసింది. అంతకన్నా ఘోరం, ఆవిడ కూడా ఆ మాట నమ్మేసింది. నరాల డాక్టరు దగ్గరికెళ్ళి మాత్రలు తెచ్చుకుంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నా తన చేతులకేసి అనుమానంగా చూసుకునేది.

తండ్రి ఆబ్దికానికి ఆవిడ తమ్ముడింటికి వచ్చింది. పూజగదిలో అగరుబత్తి వెలిగించింది. బూడిద పళ్ళెంలో పడకుండా పక్కన గచ్చు మీద పడింది. పుల్ల సరిచేసింది. మళ్ళీ అంతే. స్టాండు పళ్ళెంలోంచి తీసి, కోసిన వైపు కిందికే ఉంచి గచ్చు మీద నిలబెట్టింది. అది ఒరిగింది.

గబగబా బీరువా తెరిచి నన్ను తీసింది. లోపల తూటాలు లేవని చూసుకుని, ఆ ముక్కని నా మొండికి ఆనించింది. ఈ వంకరా ఆ వంకరా అతికినట్టు సరిపోయాయి.

"రంగా, ఇలా రా." అరచేతిలో నన్ను పెట్టుకుని చెయ్యి చాచింది. "వణుకుతోందా? చూసి చెప్పు."

వాడు తల దించుకున్నాడు. "అక్కా, బయటికి పొక్కితే పరువు పోతుందండీ."

"నా పరువు పోయిన రోజున నీ నోరు బాగానే లేచిందిగా!"

వాడి చేతే నన్ను క్లబ్బుకి మోయించింది. కమిటీ ముందు ఇసక మూటల మధ్య కదలకుండా బిగించి కాల్పించింది. తూటాలు చెల్లాచెదురుగా పోయాయి. అక్కణ్ణుంచి తిన్నగా పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్ళి నన్ను అప్పగించింది.

ఇప్పుడు నేను స్టేషన్ వెనక గదిలో, విరిగిన లాఠీల మధ్య తుప్పు పడుతున్నాను. నేరం వాడిది, జైలు నాది! ఎన్నికలని తమ లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో జమ చెయ్యడానికొచ్చిన పెద్దమనుషులు మొన్న చెప్పుకుంటుంటే విన్నాను. రంగరాజు లైసెన్సు పోయిందట, బొజ్జ మాత్రం అలాగే ఉందట. ఇందుమతి మళ్ళీ క్లబ్బులో నేర్పుతోందట. కోసిన ఆ ముక్క సంగతి పోలీసులు అడగలేదు, ఆవిడ చెప్పలేదు, తన దగ్గరే ఉంచుకుంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ముందు దాన్నే ఇచ్చి బల్ల మీద నిలబెట్టమంటుందట. అది ఒరుగుతుంది.

"గురి తప్పిందని ఎవరేమన్నా, ముందు నీ చేతుల్ని తిట్టుకోకు," అంటుందట.