పెద్దసారు తలమీది సముద్రపువ్వు

ల్యాబు తెరవగానే అటెండర్ చేసే మొదటి పని పెద్దసారు బట్టతల మీద ఉప్పునీళ్లు చిలకరించడం. అక్కడ ఎర్రటి సముద్రపువ్వొకటి ఏళ్లుగా కాపురం ఉంటోంది. పేరుకే పువ్వు, నిజానికది జంతువు. దాన్ని కనిపెట్టింది తనేనని సారు ఆ జాతికి తన పేరే పెట్టుకున్నాడు. గాజుతొట్టెలో ఉన్న ఎర్రవన్నీ కూడా అదే జాతని తేల్చేశాడు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి మరి.

కాదంది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ల్యాబులో ఆమెని జగమొండి అంటారు. తొట్టెలోవాటి నుంచీ, సారు తలమీదిదాని నుంచీ రేకుల్లాంటి చేతుల కొసలు చిటికెడు కత్తిరించి డీఎన్ఏ తీసింది. "తీసుకోమ్మా, నాకేం భయం," అని సారే తల వంచాడు. జంతువులన్నిటికీ వాడే మామూలు జన్యువు చూస్తే రెండూ ఒకటే అనిపించాయి. సారు అక్కడే ఆగిపోయాడు. కానీ ఈ జీవుల్లో ఆ జన్యువు యుగాలు గడిచినా పెద్దగా మారదు, దాంతో జాతుల్ని విడదీయలేం. జగమొండి మిగతా జన్యువుల్ని వందలకొద్దీ పోల్చి చూసింది. రెండూ వేర్వేరు జాతులే, అనుమానం లేదు.

"ఒకటేనని రాయి, గట్టెక్కిస్తా," అన్నాడు సారు.

"కానిదాన్ని అవునని ఎలా రాయను సార్?"

"అయితే డిగ్రీ మీద ఆశ వదులుకో."

ఎంత పొగరో చూడండి. తన పేరు పరిధి కాస్త తగ్గుతుందని ఒక పిల్ల ఇన్నేళ్ల చాకిరీని బుట్టదాఖలు చేస్తాడా? వింటుంటేనే ఒళ్లు మండదూ?

ఆఖరి పరీక్షకి బయటినుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పాస్ చేయాలో వద్దో ఆవిడ చేతిలో ఉంది. సారు ముందే అందుకున్నాడు.

"అమ్మాయి పొరబడిందండీ. నా తలమీదిదీ తొట్టెలోవీ ఒకటే."

సముద్రపువ్వు ముడుచుకుంది. మెల్లగా ఆయన నుదుటి మీంచి జారి, ముక్కు దిగి, బల్ల మీదికి చేరింది. అందరూ టీకప్పులు పక్కకి జరిపి దారిచ్చారు. అది జగమొండి చెయ్యెక్కి, భుజమెక్కి, నడినెత్తిన విప్పారి కూర్చుంది. అటెండర్ నీళ్ల సీసాతో ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

పెద్దావిడ కుర్చీ ఇటు తిప్పుకుంది. "నువ్వు చెప్పమ్మా."

పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దావిడ అంతా విని, అక్కడికక్కడే పాసని రాసి సంతకం చేసింది.

"మరి తొట్టెలోని కొత్త జాతికి పేరేం పెడతారు, డాక్టరుగారూ?" అని జగమొండిని అడిగింది.

సారు గొంతు సవరించుకున్నాడు. "నా ల్యాబులో తేలింది కాబట్టి, మర్యాదకి..."

"ఇంకా ఆలోచించలేదండీ," అంది జగమొండి. "ఈయన పేరు మాత్రం పెట్టను."