హైమావతి ఆడిన మొగులమ్మ

హైమావతికి పాఠం చెప్పడం కంటే ఆడి చూపించడమంటే ప్రాణం. పటాన్‌చెరులో కుటుంబ కౌన్సెలింగ్ నేర్పే చిన్న కేంద్రంలో ఆమే పెద్ద టీచరు. మిగతా రోజుల్లో షిఫ్టు కార్మికుల కాపురాల మీద పరిశోధన, శనివారం క్లాసు. క్లాసులో కౌన్సెలర్ వేషం విద్యార్థులది, సలహా కోసం వచ్చిన భార్య వేషం ఎప్పుడూ ఆమెదే. కన్నీళ్లు కూడా నిజంగానే తెప్పించుకుంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే వద్దు వద్దంటూనే చివరిదాకా వింటుంది.

ఆ శనివారం మొగులమ్మను ఆడింది. మొగులమ్మది హత్నూర దగ్గరి పల్లె. పరిశోధన కోసం మాట్లాడుతూ మాట్లాడుతూ తన గోడు బయటపెట్టుకున్న మనిషి. ఆమె మొగుడు చిన్నరాములు మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటికి పట్టిన వాసన పోదు. పక్కన పడుకుంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది. ఆ మాట చెప్పలేక, నడుం నొప్పని వేరే చాప వేసుకుంటోంది.

"ఆయనకు ఎరుకైతే మనసు ఇరిగిపోతది మేడం. మా కోసమే గాడ పని చేస్తుండు. మీకొక్కరికే చెప్తున్న," అంది.

హైమావతి పేరు మార్చింది. ఊరిని కూడా మార్చి కంది అని చెప్పింది. ఇంకేం భయం లేదనుకుంది మహాతల్లి. కానీ వాసనను, నడుం నొప్పి సాకును ఉన్నదున్నట్టు ఉంచేసింది. కుళ్లిన ఉల్లిగడ్డల వాసనని, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని మరీ చెప్పింది. టౌన్‌షిప్ క్వార్టర్లలో పెరిగిన ఆమెకు ఫ్యాక్టరీల కంపు అంతా ఒకటే. ఈ చుట్టుపక్కల వాళ్లకు అలా కాదు. బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా, గాలిని బట్టి ఏ గేటు దాటారో చెప్పేస్తారు. కుళ్లిన ఉల్లిగడ్డలంటే ఒక్కటే షెడ్డు. హత్నూర వైపు నుంచి ఆ షెడ్డులో పనికి పోయేది చిన్నరాములు ఒక్కడే.

ఆ రోజు వెనక బెంచీలో విద్యార్థుల మధ్య మొగులమ్మ ఊరి అంగన్‌వాడీ టీచరు బీరమ్మ కూర్చుంది. ఆమె చాలా మంచిది, వచ్చిన తంటా అదే. మర్నాడు చాయ్ హోటల్ ముందు చిన్నరాములు కనబడగానే, మేలు చేస్తున్నాననుకుని ఆపింది.

"తమ్మీ, బట్టలు కంపెనీలనే మార్సుకొని రారాదు? పాపం నీ పెండ్లాం వాసనకు తాళలేక నడుం నొప్పని అబద్ధమాడుతున్నది."

అక్కడున్న మగాళ్లు నవ్వారు. చిన్నరాములు చాయ్ సగంలో వదిలి డ్యూటీకి వెళ్లాడు. ఆ తర్వాత ఇంటికి రాలేదు. షెడ్డు పక్కనే బస్తాల మీద పడుకుంటున్నాడని తెలిసి మొగులమ్మ అన్నం పట్టుకుని వెళితే, గేటు దాకా కూడా రాలేదు.

ఇదంతా మొగులమ్మే వచ్చి హైమావతికి చెప్పింది. బీరమ్మ పేరు వినగానే హైమావతికి శనివారం నాటి వెనక బెంచీ గుర్తొచ్చింది.

"మీకు దప్ప ఎవ్వలకు చెప్పలే మేడం," అంది మొగులమ్మ. "నిద్రల ఏమన్న వాగిన్నేమో. బీరమ్మది మా పక్కిల్లే. నా నోరే పాడు నోరు."

అలా అంటూ తన నోటి మీద తనే కొట్టుకుంది. ఛీ, హైమావతికి ముందు కలిగింది నిశ్చింత. తన పేరు రాలేదు, ఇక రాదు కూడా. ఆ నిశ్చింత మీద తనకే అసహ్యం వేసి, మొగులమ్మ చేయి పట్టుకుని ఆపింది.

"నువ్వు కాదు మొగులమ్మా. క్లాసులో నేనే చెప్పాను. పేరు చెప్పలేదు గానీ, నీలాగే మాట్లాడి చూపించాను. బీరమ్మ ఆ క్లాసులోనే ఉంది."

మొగులమ్మ మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది.

"నా లెక్కనే మాట్లాడిండ్రా?"

"అవును. చాలా పెద్ద తప్పు చేశాను. ఫ్యాక్టరీకి నేనే వస్తాను. చిన్నరాములు కాళ్లు పట్టుకునైనా చెబుతాను."

"ఏమని చెప్తరు మేడం? వాసన రాదని చెప్తరా?"

మొగులమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"ఆయనను ఎట్లనో బతిలాడి ఇంటికి తెచ్చుకుంట. ఇగ పక్కలనే పండుకుంట, కడుపుల తిప్పినా సరే," అంది. "కానీ నేను దగ్గరికి పోయినప్పుడల్లా, ఓర్సుకుంటున్ననే అనుకుంటడు గదా."