సౌజన్య కళ్లద్దాలు

కళ్లద్దాల పిల్ల మాకొద్దని పెళ్లిచూపులకు ముందే తేల్చేసింది కడప అత్తగారు. అందుకే సౌజన్య ఏడాదిగా మొగుడికి తెలియకుండా లెన్సులతో నెట్టుకొస్తోంది. కళ్లు మండిపోతున్నాయి. లేజర్ చేయించుకుంటే పీడ విరగడవుతుందని కోకాపేటలో కంటి ఆసుపత్రికి వెళ్లింది.

"రెండు వారాలు లెన్సులు మానేసి అద్దాలే పెట్టుకోండి. అప్పుడు పరీక్ష చేసి, లేజర్ మీకు పనికొస్తుందో లేదో చెప్తాను" అంది డాక్టరమ్మ.

దాచుకోవడానికి ఆపరేషనంటే, ముందు బయటపడమంటుందేం ఈవిడ! సౌజన్య నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుని, అద్దాలతోనే ఇంటికెళ్లింది. మొగుడు శివశంకర్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి, నేరుగా ఆమె వంకే చూసి, "వైఫై మళ్లీ పోయింది, చూడవా" అన్నాడు.

రెండు వారాలూ అంతే. అద్దాల మాటే ఎత్తలేదు.

పరీక్ష రోజున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

"రానండి. మా ఇంట్లో నా మొహం చూసే దిక్కే లేదు" అని పెట్టేసింది సౌజన్య.